వాటర్ పార్కుకు వేసుకెళ్లిన అయిదు జతలు

గడిచిన మే నెలలో ఒక ఆదివారం మా కుటుంబమంతా గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలోని ఒక వాటర్ పార్కులో పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా గడిపాము. నేను, మా వారు, పదకొండేళ్ల మా అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి, అరవై నాలుగేళ్ల మా అత్తయ్య కలిసి అయిదుగురం వెళ్లాము. అయిదుగురి కాళ్లకూ అయిదు రకాల చెప్పులు ఉన్నాయి. ఒక్కొక్కరి అవసరం ఒక్కో తీరుగా ఉండడం వల్ల అలా కుదిరిందే తప్ప, పోల్చి చూడాలని ముందుగా అనుకోలేదు. ఆ తర్వాత అవే జతలను సూర్యలంక సముద్రతీరంలోనూ, వానాకాలమంతా బ్రాడీపేట వీధుల్లోనూ వాడాము. నాలుగు నెలలు గడిచాక వాటిలో ఏది నిలిచిందో, ఏది ఇబ్బంది పెట్టిందో, మళ్లీ కొనవలసి వస్తే ఏది కొంటానో ఇక్కడ రాస్తున్నాను. మేము కొన్న జతల కంపెనీ పేర్లు రాయడం లేదు, ఎందుకంటే మాకు కనబడిన తేడాలన్నీ చెప్పు ఆకారం నుంచీ, అది తయారైన పదార్థం నుంచీ వచ్చినవే.

"రోజంతా నీళ్లలోనే ఉంటాం కదా, చెప్పుల గురించి ఇంత ఆలోచన ఎందుకు?" అని బయలుదేరే ముందు మా వారు అడిగారు. ఆ మాటలో సగం నిజముంది. స్లైడుల మీదికి చెప్పులతో వెళ్లనివ్వరు. స్లైడును ఫైబర్‌గ్లాసుతో చేసి, దాని మీద అద్దంలా నున్నగా ఉండే జెల్ కోటు పూత వేస్తారు. చెప్పుకున్న బకిలు గానీ గట్టి అడుగు గానీ ఆ పూతను గీస్తే, గీత పడిన చోట తర్వాత జారేవాళ్ల చర్మం గీసుకుపోతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది: వేగంగా జారుతున్న మనిషి కాలి కింది రబ్బరు స్లైడుకు ఆనితే పాదం అక్కడే ఆగిపోయి ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది, చీలమండ మెలిపడుతుంది. పెద్ద కొలనుల్లోకి కూడా మామూలు చెప్పులతో దిగనివ్వరు. అందువల్ల నీళ్లలో ఉన్నంతసేపూ వట్టి కాళ్లతోనే ఉంటాము. అయితే రోజంతటినీ లెక్క వేసి చూస్తే, నీళ్లలో ఉన్న సమయం కంటే ఒక స్లైడు నుంచి మరో స్లైడుకు నడిచిన సమయం, మెట్ల దగ్గర వరుసలో నిలబడిన సమయం, భోజనానికీ బట్టలు మార్చుకునే గదులకూ తిరిగిన సమయమే మాకు ఎక్కువైంది. పాదం కాలినా, జారినా, గీసుకున్నా ఆ నడకలోనే.

మన ప్రాంతపు మే నెల ఎండ గురించి గుంటూరు, పల్నాడు వాళ్లకు చెప్పనక్కరలేదు. రెంటచింతల మనకు దూరం కాదు. గాలిలో వేడి 40 డిగ్రీలు దాటిన రోజున సిమెంటు దారి అంతకంటే చాలా ఎక్కువగా కాగుతుంది. గంటసేపు నీళ్లలో నానిన పాదానికి చర్మం మెత్తబడి ఉంటుంది కాబట్టి, మామూలు రోజున ఓర్చుకోగలిగిన వేడిని కూడా అది ఓర్చుకోలేదు. నీళ్లు చిందే చోట్ల నేల కాలదు గానీ జారుతుంది. యాభై అడుగుల దారిలో మొదట కాలే సిమెంటు, ఆ వెంటనే నురుగు నీళ్లతో తడిసిన టైల్స్, మళ్లీ కాలే సిమెంటు వస్తాయి. అందుచేత మనం వెతకవలసిన చెప్పుకు అడుగు వేడిని పైకి రానివ్వనంత మందంగా ఉండాలి, తడి నేలను పట్టుకోవాలి, లోపల చేరిన నీరు వెంటనే బయటికి పోవాలి, మడమ దగ్గర ఊడిపోకుండా నిలవాలి. వీటితోపాటు, రోజులో ఇరవై ముప్పై సార్లు విప్పి తొడుక్కోవలసి ఉంటుంది కాబట్టి తడి కాలికి కూడా సులువుగా ఎక్కాలి. ఈ గుణాలు ఒకదానితో ఒకటి పేచీ పడతాయని కొనడానికి వెళ్లాకే నాకు అర్థమైంది.

మా పుట్టిల్లు విజయవాడ సత్యనారాయణపురం. చిన్నప్పటి నుంచీ చెప్పులంటే మాకు బీసెంట్ రోడ్డే. ఈసారి కూడా అక్కడికే వెళ్లాము, కావాలనే సాయంత్రం ఆరు దాటాక వెళ్లాము. పొద్దున్నుంచి నిలబడి, నడిచి, ఎండకు తిరిగిన పాదం సాయంత్రానికి కొద్దిగా ఉబ్బుతుంది. వాటర్ పార్కులో మధ్యాహ్నానికి పాదం ఎలా ఉంటుందో అప్పుడు అలాగే ఉంటుంది కాబట్టి కొలత సరిగా తెలుస్తుంది. రెండు దుకాణాల్లో అడుగు పట్టు గురించి అడిగితే "అన్నీ జారనివేనమ్మా" అని ఒకే జవాబు వచ్చింది. మూడో దుకాణంలో ఉన్న పెద్దాయనతో, "బాబాయ్ గారూ, గుమ్మం దగ్గర టైల్స్ మీద కొంచెం నీళ్లు పోసి నడిచి చూడవచ్చా?" అని అడిగాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, "పోయండమ్మా, తుడవడానికి గుడ్డ ఉంది. కానీ గోడ పట్టుకుని నడవండి" అన్నారు. ఆ తర్వాత ఆయనే మగ్గుతో నీళ్లు తెచ్చి, ఒక్కో జతా తీసి ఇస్తూ అరగంట సేపు మాతోనే నిలబడ్డారు. ఆ ఓపికకే ఈ దుకాణానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. మేము అక్కడ నాలుగు జతలు కొన్నాము. అయిదోది మా ఇంట్లో ఉన్న హవాయి చెప్పుల జతే.

ఆ తడి టైల్స్ మీద తెలుసుకున్నది కొంత వివరంగా చెప్పాలి. చెప్పు అడుగు నున్నగా ఉంటే నీరు దాని కింద పలుచటి పొరలా నిలిచిపోయి, అడుగును నేలకు తగలనివ్వదు. అడుగున గాళ్లు ఉంటే, మనం కాలు మోపినప్పుడు ఆ నీరు గాళ్ల గుండా పక్కకు పోతుంది. లారీ టైరు మీద గీతలు ఉండేది కూడా ఇందుకే. అయితే గాళ్లు లోతుగా ఉంటే చాలునని నేను అనుకున్నది తప్పని తేలింది. ఎంతో లోతైన గాళ్లున్న ఒక జత అక్కడ అన్నిటికంటే ఎక్కువ జారింది, ఎందుకంటే దాని అడుగు గట్టి పీవీసీ. గోరుతో నొక్కితే అది నొక్కుకోలేదు, పైగా మెరుస్తూ ఉంది. గోరుతో నొక్కినప్పుడు కొద్దిగా లోపలికి పోయి వెంటనే పైకి వచ్చే రబ్బరు అడుగే తడి నేలను బాగా పట్టుకుంది. ఇంకొక విషయాన్ని చాలామంది గమనించరు: నేలకూ చెప్పుకూ మధ్యనే కాదు, చెప్పుకూ పాదానికీ మధ్య కూడా జారుడు ఉంటుంది. పాదం ఆనే పైభాగం నున్నగా ఉంటే తడి కాలు చెప్పులోనే ముందుకు జారి, వేళ్లు బయటికి వస్తాయి. అక్కడ చిన్న చిన్న బుడిపెలు గానీ గీతలు గానీ ఉన్న జతనే తీసుకోవాలి.

ఇక జతల సంగతి. మా వారు కొత్తవి వద్దని, ఏడాదిగా వాడుతున్న తన హవాయి చెప్పులనే వేసుకున్నారు. హవాయి చెప్పులంటే నాకు చిన్న చూపు లేదు. తేలికగా ఉంటాయి, తడిసినా చెడవు, క్షణంలో వేసుకోవచ్చు, 200 రూపాయల లోపే దొరుకుతాయి; వాటికంటూ ఐఎస్ 10702 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది. మందమైన కొత్త జత అయితే కాలే సిమెంటు మీద అవి బాగానే కాపాడతాయి. కానీ ఏడాది వాడిన జతకు మడమ కింద గాళ్లు అరిగి నున్నబడిపోతాయి, సరిగ్గా అక్కడే మనిషి బరువంతా మొదట పడుతుంది. బట్టలు మార్చుకునే గదుల దగ్గర సబ్బు నీళ్లున్న చోట మా వారి కాలు ముందుకు జారి, మోచేయి గోడకు కొట్టుకుంది. చర్మం కమిలింది తప్ప ఎముకకు ఏమీ కాలేదు. ఇంకో ఇబ్బంది మధ్యాహ్నానికి బయటపడింది: నీళ్లలో నానిన బొటనవేలి సందును పట్టీ ఒరిసి ఒరిసి అక్కడ ఎర్రగా లేచిపోయింది, క్లోరిన్ కలిపిన నీరు తగిలినప్పుడల్లా మండింది. వాటర్ పార్కుకు హవాయి చెప్పులే వేసుకోదలచిన వాళ్లు కనీసం కొత్త జత వేసుకోవాలి, పరుగెత్తే పిల్లలకు మాత్రం వేయకూడదు.

మా అమ్మాయికి తన స్నేహితురాలు చెప్పిందని ఆక్వా షూలు కొన్నాము. వెల 650 రూపాయలు. పైన సాగే జాలీ గుడ్డ, కింద పలుచటి రబ్బరు అడుగు ఉండి, మేజోడులాగా పాదానికి అతుక్కుని ఉంటాయి. నీళ్లలో ఇవి చాలా బాగున్నాయి. మెత్తగా ఉండి ఇనుప భాగాలేవీ లేనందువల్ల పిల్లల కొలనులోకి వాటితోనే దిగనిచ్చారు. కొలను అడుగున జారకుండా వేసిన గరుకు పూతకు మిగతా పిల్లల కాలివేళ్ల కొనలు గీసుకుపోతుంటే మా అమ్మాయికి ఏమీ కాలేదు. కానీ నేల మీదికి రాగానే వాటి బలహీనత తెలిసింది. అడుగు పలుచన కావడంతో పన్నెండు దాటాక సిమెంటు వేడి నేరుగా పాదానికి తగిలి, ఆ పిల్ల నీడ నుంచి నీడకు పరుగు పెట్టింది. ప్రతి స్లైడు దగ్గరా వాటిని విప్పాలి. తడి కాలికి తడి షూ ఎక్కించడానికి కూర్చోవాలి, లాగాలి, అంతలో వరుస ముందుకు పోతుంది. మూడో స్లైడు నుంచి అమ్మాయి వాటిని చేతిలో పట్టుకుని వట్టి కాళ్లతోనే తిరిగింది. సాయంత్రానికి ఒక షూకు వేళ్ల దగ్గర జిగురు ఊడి అడుగు విడివడింది. దుకాణానికి తీసుకెళితే ఆ పెద్దాయన మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు, రెండో జత ఇప్పటివరకూ బాగానే ఉంది. సూర్యలంకలో మాత్రం ఇవే అన్నిటికంటే మేలనిపించాయి. అక్కడ విప్పే పని లేదు, గవ్వల ముక్కలు గుచ్చుకోలేదు. వాటర్ పార్కుకు వేసుకోవాలంటే సంచిలో పెట్టుకుని వెళ్లి కొలను దగ్గర మాత్రమే వేసుకోవాలి, నడకకు వేరే చెప్పులు ఉండాలి. ఒక్క జతతో రోజు గడవాలనుకునే వాళ్లకు ఇవి సరిపోవు.

అబ్బాయికి కొన్నవి, పైన చిల్లులుండి వెనుక తిరిగే పట్టీ ఉన్న, బుట్టలాంటి చెప్పులు. కంపెనీ ఏదైనా దుకాణాల్లో అందరూ వాటిని క్రాక్స్ అనే అంటారు. ఆ పేరున్న అమెరికా కంపెనీ 2002లో ఈ ఆకారాన్ని మొదట పడవల మీద తిరిగేవాళ్ల కోసం తెచ్చింది. తడి చెక్క మీద జారకుండా, లోపల చేరిన నీరు చిల్లుల గుండా పోయేలా చేసినది కాబట్టి వాటర్ పార్కుకు ఇది పుట్టుకతోనే తగిన చెప్పు. మేము కొన్నది 450 రూపాయల మామూలు తయారీ. ఈ రకం చెప్పుల్లో ఎక్కువ భాగం ఈవీఏతో, అంటే ఇథిలీన్ వినైల్ అసిటేట్ అనే పదార్థపు నురగతో పోత పోసినవి. ఆ నురగలోని గాలి గదులు ఒకదానికొకటి మూసుకుని ఉంటాయి. అందువల్ల చెప్పు నీరు పీల్చదు, దూదిలా తేలికగా ఉంటుంది, వేడిని పైకి రానివ్వదు. ఎండలో అబ్బాయి కాలు ఒక్కసారి కూడా కాలలేదు. విప్పడం, వేసుకోవడం వాడే చేసుకున్నాడు, నాకు వంగే పని లేకపోయింది. ఆరేళ్ల పిల్లాడికి అంతకంటే ఏం కావాలి?

అయినా వీటితో నాలుగు జాగ్రత్తలు పడక తప్పలేదు. పట్టీ ముందుకు తిప్పి ఉంటే ఇది కేవలం స్లిప్పరు. వెనక్కు తిప్పి మడమకు ఆనించినప్పుడే పరుగెత్తే పిల్లాడి కాలికి నిలుస్తుంది. పిల్లలు మాత్రం ఎప్పుడూ పట్టీని ముందుకే తిప్పుకుంటారు, ప్రతి స్లైడు దిగాక నేను వెనక్కు తిప్పుతూనే ఉన్నాను. రెండోది, అడుగు కూడా అదే ఈవీఏ అయితే తడి టైల్స్ మీద రబ్బరు అంత పట్టు ఉండదు, తొందరగా అరుగుతుంది కూడా. నాలుగు నెలలకే మా వాడి జతకు మడమ అంచు నున్నబడింది. కొంచెం ఎక్కువ పెట్టి, అడుగున రబ్బరు ముక్కలు అతికించిన రకం తీసుకుంటే మంచిది. మూడోది, ఈ చెప్పులు నీళ్ల మీద తేలతాయి. వాడు కొలను అంచున విప్పిన ఒక చెప్పు అలకు కొట్టుకుపోయి, కాపలా ఉన్న అబ్బాయి తెచ్చి ఇచ్చేదాకా ఏడుపే. నాలుగోది వాటర్ పార్కుకు సంబంధించినది కాకపోయినా తల్లిదండ్రులకు చెప్పాలి: ఇంత మెత్తని చెప్పుతో పిల్లలు ఎస్కలేటరు ఎక్కినప్పుడు చెప్పు అంచు మెట్టు పక్కనున్న సందులో చిక్కుకునే ప్రమాదం ఉంది, మధ్యలో నిలబెట్టి చెయ్యి పట్టుకోవాలి.

రంగు గురించి కూడా ఒక మాట. దుకాణంలో నలుపు బాగుందని అబ్బాయి పట్టుబట్టాడు, మట్టి కనబడదని నేనూ ఒప్పుకున్నాను. స్లైడు కింద ఎండలో పదిహేను నిమిషాలు వదిలిన నల్ల చెప్పు లోపలి భాగం అట్లపెనంలా కాగింది; ప్రతిసారీ నీళ్లలో ముంచి వేయవలసి వచ్చింది. పైగా పార్కులో చెప్పులు పెట్టే అరమరలో అలాంటి నల్ల జతలు పదో పన్నెండో ఉన్నాయి. మధ్యాహ్నం ఎవరో పొరపాటున మా వాడివి వేసుకుని వెళ్లి, కాసేపటికి వెతుక్కుంటూ వచ్చి ఇచ్చారు. అప్పుడు అమ్మాయి జడకున్న ఎర్ర రిబ్బను కత్తిరించి రెండు పట్టీలకూ కట్టాను. లేత రంగు కొనడం, ఇంటి దగ్గరే ఏదో ఒక గుర్తు కట్టడం రెండూ ముందే చేయవలసిన పనులు.

మా అత్తయ్య చెప్పుల కోసమే నేను అందరికంటే ఎక్కువ సేపు వెతికాను. ఆమెకు పదిహేనేళ్లుగా షుగరు ఉంది. కిందటేడు కొత్తపేటలో డాక్టరు గారు సన్నని నైలాన్ పోగుతో పాదం మీద చోటు చోటా తాకి పరీక్ష చేసినప్పుడు, బొటనవేలి కిందా మడమ దగ్గరా స్పర్శ తగ్గిందని తెలిసింది. అప్పటి నుంచీ ఇంట్లో కూడా వట్టి కాళ్లతో నడవవద్దని చెప్పారు. స్పర్శ తగ్గిన పాదానికి వాటర్ పార్కు దారి ఎంత ప్రమాదమో ఆలోచించండి: కాలే సిమెంటు మీద నిలబడినా వేడి పూర్తిగా తెలియదు, చిన్న రాయి గుచ్చుకున్నా తెలియదు, బొబ్బ లేచిందని సాయంత్రం చూసుకున్నప్పుడే తెలుస్తుంది, ఆ బొబ్బ మానడానికి వారాలు పట్టవచ్చు. ఆమెను ఇంట్లో వదిలి వెళ్లడం మాకు ఇష్టం లేదు; మనవడు నీళ్లలో ఆడుతుంటే చూడాలని ఆమెకూ ఎంతో కోరిక.

రోజూ ఆమె వేసుకునేవి ఎంసీఆర్ చెప్పులు. షుగరు ఉన్నవాళ్లకు డాక్టర్లు చెప్పే ఆ మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు పొడి నేల మీద ఎంతో మేలు చేస్తాయి. ఆమె జత మాత్రం పొరలు పొరలుగా అతికించినది, పట్టీలు రెక్సిన్, లోపల గుడ్డ అస్తరు. తడిస్తే అస్తరు రాత్రికి కూడా ఆరదు. తడి అస్తరు రోజంతా పాదాన్ని ఒరుస్తుంది. అందుకని ముందు భాగం మూసి ఉండి, పైన వెడల్పాటి వెల్క్రో పట్టీ, వెనుక మడమ పట్టీ ఉన్న జత తీసుకున్నాము. లోపలి మెత్త ఈవీఏ, అడుగు రబ్బరు, పక్కల నీరు పోయే సందులు, ఎక్కడా ఇనుప బకిలు లేదు. వెల 1,100 రూపాయలు. అన్నిటిలోకీ ఎక్కువ ఖర్చు దీనికే అయింది, అన్నిటిలోకీ నాకు తృప్తినిచ్చిందీ ఇదే. కొనేటప్పుడు లోపల చెయ్యి పెట్టి కుట్టు ముడులు, గట్టి అంచులు ఎక్కడైనా తగులుతున్నాయేమో వేలితో తడిమి చూశాను, ఎందుకంటే ఆమె పాదం ఆ గరుకును చెప్పలేదు, నా వేలే చెప్పాలి. మొదట చూసిన జతకు చిటికెన వేలి దగ్గర కుట్టు గట్టిగా తగిలింది, దాన్ని పక్కన పెట్టాము. వారం ముందే కొని, రోజుకు ఒక గంట చొప్పున ఇంట్లో వేయించి, తీశాక పాదాలు చూస్తూ అలవాటు చేయించాను.

పార్కులో ఆమె పిల్లల కొలను అంచున కూర్చుని కాళ్లు నీళ్లలో పెడతానన్నారు. అక్కడి కాపలా అబ్బాయికి విషయం చెప్పి అడిగితే, మెత్తని చెప్పు, ఇనుము లేదు కాబట్టి అంచున కూర్చోవడానికి చెప్పులతోనే అనుమతి ఇచ్చాడు. గంటకొకసారి నీడలోకి తీసుకువెళ్లి, చెప్పులు విప్పి, వేళ్ల సందులతో సహా మెత్తని నూలు తువాలుతో తుడిచి, చెప్పు లోపల ఇసుక రేణువులు లేకుండా కడిగి మళ్లీ వేశాను. వేళ్ల సందుల్లో తడి నిలిస్తే అక్కడ చర్మం తెల్లగా మెత్తబడి ఫంగస్ చేరుతుంది. ఎవరికైనా అది ఇబ్బందే, షుగరు ఉన్నవాళ్లకు ప్రమాదం. సాయంత్రం కారెక్కే ముందు "నా కాళ్లకు ఏమీ కాలేదే అమ్మాయ్, హాయిగా ఉంది" అన్నారు. ఆ మాట విని సంతోషించినా, స్పర్శ తగ్గిన పాదం గురించి ఆ మాట ఒక్కటే చాలదు కాబట్టి ఇంటికి వచ్చాక దీపం వెలుగులో రెండు అరికాళ్లూ చూశాను. చిటికెన వేలి పక్కన పట్టీ ఒత్తిన లేత గుర్తు తప్ప ఎర్రదనం గానీ బొబ్బ గానీ లేదు, ఆ గుర్తు కూడా తెల్లారేసరికి పోయింది. మధ్యాహ్నానికి పాదం ఉబ్బినప్పుడు నేను వెల్క్రోను కొంచెం వదులు చేసి ఉండవలసింది. ఇలాంటి చెప్పు కొనేవాళ్లు పట్టీ వదులు చేసినా వెల్క్రో అతుక్కోవడానికి తగినంత పొడవు మిగులుతుందో లేదో దుకాణంలోనే చూసుకోవాలి.

నేను వేసుకున్నవి ఫ్లోటర్లు, అంటే పట్టీలతో కాలికి బిగించుకునే శాండల్స్, 900 రూపాయలవి. రబ్బరు అడుగు బాగా పట్టుకుంది, మడమ ఊడలేదు, ఒక్కసారి కూడా జారలేదు. పట్టీలు నైలాన్ గుడ్డవి కావడంతో తడిసి పాదం పైభాగాన్ని కొద్దిగా ఒరిశాయి, మూడు వెల్క్రోలు విప్పి పెట్టడం ప్రతిసారీ ఆలస్యమైంది, ఆరడానికి ఒకటిన్నర రోజు పట్టింది. స్లైడులు ఎక్కువగా ఎక్కని పెద్దవాళ్లకు ఇవి చక్కగా సరిపోతాయి. నాలుగు నెలల వానకూ ఏమాత్రం చెడలేదు.

సైజు విషయంలో మనకున్న ఒక అలవాటును ఇక్కడ మానుకోవాలి. పిల్లలు ఎదుగుతారు కదా అని ఒక సైజు పెద్దది కొంటాము. మా అమ్మ మాకు అలాగే కొనేది, ముందు దూది పెట్టి బడికి పంపేది. బడి షూకు అది నడిచింది గానీ, తడి కాలికి నడవదు. పొడి పాదాన్ని చెప్పు లోపలి ఒరిపిడి కొంత పట్టి ఉంచుతుంది. తడి పాదానికి ఆ పట్టు ఉండదు, వదులు చెప్పులో పాదం ముందుకూ వెనక్కూ జారి, మెట్లు దిగేటప్పుడు చెప్పు మడతపడుతుంది. వేళ్ల ముందు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు ఖాళీ చాలు. బుట్ట చెప్పులు సాధారణంగా అర సైజుల్లో దొరకవు. రెండు అంకెల మధ్య పాదం ఉన్నప్పుడు, వేళ్లు ముందు అంచుకు తగలనంత వరకూ చిన్నదే మేలు. డబ్బా మీది అంకెలను కూడా పూర్తిగా నమ్మలేము. మన దగ్గర ఎక్కువగా బ్రిటిష్ అంకెలు వాడతారు, కొన్ని డబ్బాల మీద యూరప్, అమెరికా అంకెలు కూడా ఉంటాయి, పిల్లల అంకెలు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. అదీగాక ఈ కొలతలు మన పాదాలను చూసి పెట్టినవి కావు. చెన్నైలోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ దేశమంతటా పాదాలు కొలిచినప్పుడు మనవాళ్ల పాదాలు పాశ్చాత్యుల పాదాల కంటే వెడల్పని తేలింది. పొడవుకు సరిపోయినది పక్కల బిగుతుగా ఉండడం మా ఇంట్లో నలుగురికీ అనుభవమే. కాగితం మీద పాదం గీసి, పొడవూ వెడల్పూ సెంటీమీటర్లలో రాసుకుని వెళ్లడం వల్ల మాకు చాలా సమయం కలిసివచ్చింది.

వాడిన తర్వాత చేసే పని పెద్దగా లేదు. ఇంటికి రాగానే అన్నిటినీ మంచినీళ్లతో కడిగి, క్లోరిన్ పోయేలా ఒకసారి రుద్ది, నీడలో గాలి తగిలేచోట బోర్లించాను. ఎండలో పెట్టకూడదన్నది మాత్రం గట్టిగా చెప్పాలి. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అబ్బాయి బుట్ట చెప్పులను కారు వెనుక అద్దం కింద వదిలి, అద్దాలు మూసి బందరు రోడ్డులో మూడు గంటల సేపు పని చూసుకున్నాము. తిరిగి వచ్చేసరికి అవి కుంచించుకుపోయి, అంచులు లోపలికి ముడుచుకున్నాయి. వాడి మడమ ఇక పట్టలేదు. ఈవీఏ నురగ ఎక్కువ వేడికి అలా కుంచించుకుంటుందని, ఒకసారి ఆ రూపానికి వచ్చాక మళ్లీ సాగదని దుకాణంలో పెద్దాయన తర్వాత చెప్పారు. అది చెప్పు లోపం కాదు, మా అజాగ్రత్త. వాటర్ పార్కు దగ్గర చాలా కార్లు రోజంతా ఎండలోనే ఉంటాయి కాబట్టి, మార్చుకునేందుకు తెచ్చిన జతను కారులో వదలకుండా సంచిలో వెంట తీసుకువెళ్లడమే క్షేమం.

వచ్చే శనివారం సాయంత్రం అబ్బాయికి కొత్త జత కొనడానికి మళ్లీ బీసెంట్ రోడ్డుకు వెళుతున్నాము. ఈసారి లేత నీలం రంగు, అడుగున రబ్బరు ముక్కలున్న రకం తీసుకుంటానని వాడితో ఒప్పందం అయింది. మా వారు కూడా అత్తయ్య జతలాంటిదే మగవాళ్ల సైజులో దొరుకుతుందేమో చూస్తానన్నారు.